ఊళ్ళను తప్పించుకుంటూ పోయిన 66

గత భాగంలో లింకన్ హైవే ఎలా పుట్టిందో చూశాం. 1913లో కార్ల హెడ్‌లైట్ల వ్యాపారి కార్ల్ ఫిషర్, ప్యాకార్డ్ కార్ల కంపెనీ అధిపతి హెన్రీ జాయ్ లాంటివాళ్ళు చందాలు పోగుచేసి న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా మ్యాపు మీద గీసిన దారి అది. ఈసారి దానికన్నా పదమూడేళ్ళు చిన్నదైనా, పేరుప్రఖ్యాతుల్లో దాన్ని ఎప్పుడో దాటిపోయిన 66వ నంబరు రహదారి దగ్గరికి వచ్చాం. షికాగో నుంచి లాస్ ఏంజిలిస్‌కు ఎనిమిది రాష్ట్రాల మీదుగా సాగే ఈ దారి పొడవు మామూలుగా చెప్పే లెక్కలో 2,448 మైళ్ళు. దీని కథ ఎవరు చెప్పినా దాదాపు ఒకేలా ఉంటుంది. 1926లో పుట్టింది, ఊరూరా ఆగుతూ, పెట్రోలు బంకుల్నీ మోటెళ్ళనీ పోషిస్తూ ముప్పై ఏళ్ళు వెలిగింది. 1956 తరవాత ఇంటర్‌స్టేట్ రోడ్లు వచ్చి ఊళ్ళను పక్కకు నెట్టేశాయి. 1985 జూన్‌లో ఆ నంబరును అధికారిక జాబితాలోంచి కొట్టేశారు. ఈ కథలో సంఘటనలన్నీ నిజమే, పాత్రల పంపకంలోనే పొరపాటుంది. ఊళ్ళను ప్రేమించిన పాత దారి ఒకవైపు, ఊళ్ళను చంపిన కొత్త దారి ఇంకోవైపు అన్న విభజన సాక్ష్యాల ముందు నిలబడదు. 66 పుట్టిందే కొన్ని ఊళ్ళను తప్పించి. అరవై ఏళ్ళపాటు ఏదో ఒక ఊరిని వదిలేస్తూనే బతికింది. ఆఖరికి తానే తప్పించబడింది. చారిత్రక రహదారి అని ఇవాళ జనం కార్లేసుకుని వెతుక్కుంటూ పోయేది ఒక దారి కాదు, వరసగా జరిగిన ఆ తప్పింపుల చిట్టా.

మొదటి తప్పింపు పుట్టుకలోనే ఉంది. 1926కు ముందు అమెరికాలో దూర ప్రయాణపు దారులకు జాతీయ స్థాయి నంబర్లు లేవు, పేర్లుండేవి. ఆ పేర్ల వెనక సంఘాలు, సంఘాల వెనక వ్యాపారులు. చందా ఇచ్చిన ఊరి మీదుగా దారి వంకర తిరగడం అప్పట్లో వింతేమీ కాదు. కాలిఫోర్నియాకు పోయే పేరున్న దారుల్లో ఒకటి నేషనల్ ఓల్డ్ ట్రెయిల్స్ రోడ్. అది పాత శాంటా ఫే బండ్ల బాటను పట్టుకుని కాన్సస్, కొలరాడోల మీదుగా పోయేది. నంబర్లిచ్చే పని 1925లో ఒక కేంద్ర కమిటీకి అప్పగించినప్పుడు, అందులో గట్టిగా చక్రం తిప్పినవాడు ఓక్లహోమా రహదారుల శాఖ అధిపతి సైరస్ ఏవరీ. ఆయనది టల్సా. ఆ ఊరి శివార్లలో దారి పక్కనే సొంత పెట్రోలు బంకూ హోటలూ ఉన్న మనిషి. పడమటికి పోయే జాతీయ దారిని కాన్సస్ బయళ్ళ నుంచి దక్షిణానికి దించి తన ఊరి మీదుగా, ఓక్లహోమా సిటీ మీదుగా తిప్పించాడు. కాన్సస్‌కు 66లో దక్కింది ఒక మూలన 13 మైళ్ళు. ఏవరీ అడిగిన నంబరు నిజానికి 60. సున్నాతో ముగిసే పెద్ద నంబరు తమ రాష్ట్రానికి ఒక్కటీ రాలేదని కెంటకీ గవర్నరు విలియం ఫీల్డ్స్ పట్టుబట్టాడు, 62 తీసుకోమన్నారు. ఏవరీకి అది నచ్చలేదు. 1926 ఏప్రిల్ 30న మిసోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి 66 అయినా చాలని టెలిగ్రాం కొట్టాడు. ఆ ఏడాది నవంబరు 11న మొత్తం నంబర్ల పట్టికకు ఆమోదం దొరికింది.

ఆ రోజు కొత్తగా వేసిన రోడ్డు ఒక్క అడుగు కూడా లేదు. ఉన్న దారుల్నే, ఎక్కువగా కంకర దారుల్నీ మట్టి దారుల్నీ, ముక్కముక్క కలిపి ఒక నంబరు కింద కట్టారు. గట్టి ఉపరితలం ఉన్నది 800 మైళ్ళే. పూర్తిగా గట్టి రోడ్డు కావడానికి 1938 దాకా పట్టింది. ఓక్లహోమాలో మయామీ, ఆఫ్టన్ ఊళ్ళ మధ్య ఇప్పటికీ కనిపించే ఒక ముక్క ఈ సంగతి చెప్పకనే చెబుతుంది. వెడల్పు తొమ్మిదే అడుగులు. ఎదురెదురుగా రెండు బళ్ళు వస్తే రెండూ చెరో చక్రాన్ని కంకరలోకి దించాల్సిందే. 66 అనే నంబరు పుట్టకముందే, 1922 నాటికే వేసిన రోడ్డది. దాన్ని కూడా 1937లో పక్కనపెట్టి కొత్త వరస పట్టారు. నంబరు నిలవాలంటే దానికి గిరాకీ కావాలి కాబట్టి, 1927లో దారి పొడుగునా ఉన్న ఊళ్ళ వ్యాపారులు యూఎస్ 66 హైవే అసోసియేషన్ పెట్టుకున్నారు. మరుసటి ఏడాది లాస్ ఏంజిలిస్ నుంచి ఈ దారి వెంట షికాగోకు, అక్కణ్ణుంచి న్యూయార్క్‌కు పరుగుపందెం నడిచింది. దాన్ని పెట్టిన సి. సి. పైల్ మజిలీ చేసే ఊళ్ళ నుంచి డబ్బు రాబట్టాలని చూశాడు. 25,000 డాలర్ల బహుమతి గెలిచినవాడు ఓక్లహోమా చెరోకీ కుర్రాడు ఆండీ పేన్. పేరు తెచ్చుకోవడానికి 66 పడిన పాట్లలో ఇదొకటి.

తప్పింపు ఎంత తేలిగ్గా, ఎంత చిన్న కారణానికి జరిగేదో తెలియాలంటే న్యూ మెక్సికో కథ దగ్గర కాస్త ఆగాలి. 1926 నాటి 66 అక్కడ శాంటా రోసా దాటాక ఉత్తరానికి తిరిగి, పర్వతాల అంచున రాజధాని శాంటా ఫే చేరి, లా బహాడా కొండ దిగి, ఆల్బుకర్కీ మీదుగా దక్షిణాన లాస్ లూనాస్ దాకా పోయి మళ్ళీ పడమటికి తిరిగేది. ఎంత తిప్పటో చూడండి. ఆ నవంబరు ఎన్నికల్లో గవర్నరు ఆర్థర్ హానెట్ ఓడిపోయాడు. తన ఓటమికి శాంటా ఫే రాజకీయ ముఠానే కారణమని ఆయన నమ్మకం. పదవి డిసెంబరు ఆఖరుదాకా ఉంది. ఆ కొద్ది వారాల్లో శాంటా రోసా నుంచి శాంటా ఫేను పూర్తిగా వదిలేసి మోరియార్టీకి సూటిగా 69 మైళ్ళ రోడ్డు వేయమని రాష్ట్ర ఇంజినీరుకు హుకుం జారీ చేశాడు. రెండు జట్లు, రెండు చివరల నుంచి, మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిన ట్రాక్టర్లతో చలికాలంలో తవ్వుకుంటూ వచ్చాయి. తమ బేరం పోతుందని భయపడినవాళ్ళు యంత్రాల్ని పాడుచేశారు. జనవరిలో గద్దెనెక్కిన రిచర్డ్ డిలన్ పని ఆపమని మనిషిని పంపేలోపు రోడ్డు కలిసిపోయింది. పగ తీర్చుకోవడానికి వేసిన ఆ రోడ్డే తరవాత బాగుపడి, 1937లో 66 అయింది. న్యూ మెక్సికోలో 506 మైళ్ళున్న దారి 399 మైళ్ళకు తగ్గింది. శాంటా ఫే బైపాసయింది. ఇదంతా ఇంటర్‌స్టేట్ చట్టానికి 19 ఏళ్ళ ముందు మాట.

ఆ మార్పు గుర్తు ఆల్బుకర్కీ నడిబొడ్డున ఇంకా ఉంది. పాత 66 నాలుగో వీధి వెంట ఉత్తర దక్షిణాలుగా పోయేది, 1937 తరవాతి 66 సెంట్రల్ అవెన్యూ వెంట తూర్పు పడమరలుగా పోయింది. రెండూ ఒక కూడలిలో అడ్డంగా కలుస్తాయి. అంటే 66 అక్కడ 66నే దాటుతుంది. తక్కిన రాష్ట్రాల్లోనూ ఇదే తంతు. 1936లో సెయింట్ లూయిస్ నడిమధ్య రద్దీ తప్పించడానికి మిసిసిపీ మీది చెయిన్ ఆఫ్ రాక్స్ వంతెన మీదుగా ఊరి ఉత్తర అంచున తిప్పారు. మధ్యలో వంగి ఉండే ఆ వంతెనను కూడా తరవాత కొత్త వంతెన మూలన పడేసింది, 1999 నుంచి సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ వదిలేశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫోర్ట్ లెనర్డ్ వుడ్ సైనిక శిబిరానికి బళ్ళు పోవాలని మిసోరీలో డెవిల్స్ ఎల్బో మలుపును వదిలేసి, కొండరాతిని నిలువునా కోసి నాలుగు వరసల రోడ్డు వేశారు. అరిజోనాలో బంగారు గనుల ఊరు ఓట్‌మన్ మీదుగా, సిట్‌గ్రీవ్స్ కనుమ ఎక్కి దిగే గుండె దడ పుట్టించే దారిని 1950ల మొదట్లో వదిలేసి యూకా మీదుగా చదును నేల పట్టారు. గనులు అప్పటికే మూతపడ్డాయి. ఇవాళ ఆ వీధుల్లో గనివాళ్ళు వదిలిపెట్టిపోయిన గాడిదల సంతతి యాత్రికుల చేతుల్లోంచి మేత తింటూ తిరుగుతోంది. ఓక్లహోమా అయితే ఇంకో అడుగు ముందుకేసి, 1953లోనే టల్సా, ఓక్లహోమా సిటీల మధ్య టర్నర్ టర్న్‌పైక్ అనే టోలు రోడ్డు తెరిచి 66 ఊళ్ళ ముందు నుంచి దూరప్రయాణపు బళ్ళను లాక్కుంది. అన్నిటికన్నా చిత్రం, లాస్ ఏంజిలిస్‌లో 1940 డిసెంబరు 30న తెరిచిన ఆరోయో సెకో పార్క్‌వే. పశ్చిమాన తొలి ఫ్రీవేగా పేరుబడిన ఆ రోడ్డు మీద తగిలించిన నంబర్లలో 66 కూడా ఉంది. ఫ్రీవే అన్నది 66కు బయటి శత్రువు కాదు, దాని ఒంట్లోంచి పుట్టిందే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. దారి పక్కకు జరగడం వేరు, దారి తలుపులు మూసుకోవడం వేరు అంటారు. 1937లో రోడ్డు మోరియార్టీ వైపు మళ్ళినప్పుడు కొత్త రోడ్డు పక్కన కొత్త బంకు పెట్టుకోవడానికి ఎవరికీ అడ్డు లేదు. శాంటా ఫేలో పోయిన బేరం మోరియార్టీలో దొరికింది. వ్యాపారి దారి వెంట జరిగాడు, దారి మీద బతుకు మాత్రం అలాగే ఉంది. 1956 చట్టంతో అది కుదరలేదు. ఖర్చులో 90 శాతం కేంద్రం పెట్టుకుని 41,000 మైళ్ళు వేయాలని తలపెట్టిన ఇంటర్‌స్టేట్‌ల మీదికి నిర్ణీత స్థలాల్లో తప్ప ఎక్కడానికీ దిగడానికీ వీల్లేదు. రోడ్డు హద్దుల్లో బంకు గానీ హోటలు గానీ పెట్టకూడదని చట్టమే చెప్పింది. ఊరు దాటిపోవడం ఒక్కటే కాదు, దారి పక్కన మనిషి నిలబడే చోటే లేకుండా పోయింది. ఈ తేడా నిజం, పెద్దది కూడా. కానీ దీనితో తేలేదేమిటి? ఇంటర్‌స్టేట్ చేసిన కొత్త పని తప్పించడం కాదు, తప్పించాక వెంటపడి వచ్చే వ్యాపారిని ఆపడం. పైగా అలా ఆపడానికి కారణం పాత దారి పద్ధతే. ప్రతి బంకు ముందూ బళ్ళు తిరగడం, ప్రతి ఊరి నడివీధిలో లారీలు ఇరుక్కోవడం, ఎదురెదురు ఢీలు కలిసి ఆ దారికి నెత్తుటి 66 అనే పేరు తెచ్చిపెట్టాయి. కొత్త రోడ్లు పుట్టింది ఊళ్ళమీద కక్షతో కాదు.

ఇంకో అభ్యంతరం మనుషుల తరఫున వస్తుంది. 66 కేవలం వ్యాపారుల తగవా? 1930లలో దుమ్ము తుఫానులూ అప్పులూ తరిమేస్తే ఓక్లహోమా, టెక్సస్, ఆర్కన్సా రైతులు పాత కార్లమీద పరుపులు కట్టుకుని పడమటికి పోయింది ఈ దారినే కదా, 1939లో స్టైన్‌బెక్ ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవల రాసింది వాళ్ళ గురించే కదా అంటారు. నిజమే. అయితే ఆ దారి వాళ్ళకు తెరిచిన తలుపు ఏపాటిదో చూడాలి. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలిస్ పోలీసు అధిపతి జేమ్స్ డేవిస్ నగర పోలీసుల్ని 136 మందిని ఎక్కడో ఉన్న రాష్ట్ర సరిహద్దులకు పంపి, చేతిలో డబ్బులేనట్టు కనిపించినవాళ్ళను వెనక్కి తిప్పించాడు. పేదవాణ్ణి రాష్ట్రంలోకి తెచ్చినందుకు శిక్ష వేసే కాలిఫోర్నియా చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేయడానికి 1941 దాకా పట్టింది. నల్లవాళ్ళ సంగతి ఇంకా కటువు. పొద్దుగుంకాక నల్లవాళ్ళు కనబడకూడదని కట్టుబాటు పెట్టుకున్న ఊళ్ళు ఈ దారి పొడుగునా ఉండేవి. దారి తగిలే 89 కౌంటీల్లో దాదాపు సగం అలాంటివేనని పరిశోధకురాలు కాండసీ టేలర్ లెక్క. అందుకే హార్లెమ్ పోస్ట్‌మన్ విక్టర్ హ్యూగో గ్రీన్ 1936 నుంచి, ఎక్కడ బస దొరుకుతుందో, ఎక్కడ అన్నం పెడతారో చెప్పే చిన్న పుస్తకం వేస్తూ వచ్చాడు. 1946లో బాబీ ట్రూప్ ఈ దారి మీద కట్టిన పాటను రికార్డులోకెక్కించి దేశమంతా వినిపించిన నాట్ కింగ్ కోల్‌కు, ఆ పాటలో వచ్చే ఊళ్ళలో చాలాచోట్ల గది దొరికేది కాదు.

ఇక్కడ తప్పింపుకు ఇంకో ముఖం కనబడుతుంది. నాలుగు వందల మైళ్ళు ఆగకుండా పోగలిగే రోడ్డు, గిరాకీ పోగొట్టుకున్న ఊరి హోటలువాడికి నష్టం. ఆ హోటల్లో అడుగు పెట్టనివ్వని కుటుంబానికి అదే రోడ్డు ఊరట. ఊరి నడివీధి పోయిందని దిగులుపడే రాతలు ఆ వీధి ఎవరిదో అడగవు. అలాగని కొత్త రోడ్డును పొగడటానికీ లేదు. 1921లో తెల్లవాళ్ళ మూక తగలబెట్టాక తిరిగి నిలబడిన టల్సా గ్రీన్‌వుడ్‌ను, నల్లవాళ్ళ వ్యాపారాలకు పేరుపడ్డ పేటను, ఇంటర్‌స్టేట్ 244 రెండుగా చీల్చింది. దారి మీద నల్లవాళ్ళ సొంత బంకులు కూడా లేకపోలేదు. ఓక్లహోమాలో లూథర్ ఊరి దగ్గర థ్రెట్ కుటుంబం నడిపిన రాతి కట్టడపు బంకు ఇంకా నిలిచి ఉంది. లాభమూ నష్టమూ ఎవరికి ఎంతెంత అన్నది ఊరినిబట్టి, ఒంటి రంగునిబట్టి మారింది. పాత దారి అందరిదీ, కొత్త దారి ఎవరిదీ కాదు అన్న వాదన మాత్రం ఏ లెక్కన చూసినా నిలవదు.

తప్పించిన ఊళ్ళన్నీ చచ్చాయా అంటే, అదీ కాదు. శాంటా ఫే కథ చూడండి. 1880లో రైలు ప్రధాన మార్గం లామీ మీదుగా పోయి ఆ ఊరిని వదిలేసింది, 1937లో 66 వదిలేసింది. రెండుసార్లూ బతికింది, బతకడమేమిటి, ధనికుల ఊరైంది. దారి లేకపోయినా చూడటానికి పోవాల్సిన కారణాలు ఊరికి ఉన్నాయి. టెక్సస్, న్యూ మెక్సికో సరిహద్దు మీది గ్లెన్‌రియోకు దారే ప్రధాన ఆధారం. న్యూ మెక్సికోలో పెట్రోలు పన్ను ఎక్కువ కాబట్టి బంకులు టెక్సస్ వైపు, టెక్సస్ వైపు కౌంటీలో మద్యనిషేధం కాబట్టి బార్లు న్యూ మెక్సికో వైపు. సరిహద్దు గీతే ఊరికి పెట్టుబడి. 1970లలో ఇంటర్‌స్టేట్ 40 పక్కగా పోయేసరికి పాడుపడిన గోడలు మిగిలాయి. దారి పోషించిన ఊరిని దారే తీసుకుపోయింది. అరిజోనాలోని సెలిగ్మన్, విలియమ్స్, కింగ్‌మన్‌లు 66 కన్న ఊళ్ళు కావు, రైలు పుట్టించినవి. ఆ రైలుకు ముందు 1857లో లెఫ్టినెంట్ ఎడ్వర్డ్ బీల్ ఒంటెల్ని తోలుకుంటూ గుర్తు పెట్టిన బండ్ల బాట దాదాపు ఆ వరసలోనే ఉంది. ఒంటెలు పోయి ఆవిరి ఇంజిన్లు, అవి పోయి ఫోర్డు కార్లు.

అసలు విడ్డూరం సెలిగ్మన్ దగ్గర ఉంది. అక్కడ ఇంటర్‌స్టేట్ 40 సూటిగా పడమటికి పోయింది, పాత 66 రైలు పట్టాల వెంట ఉత్తరంగా విల్లులా వంగి వాలపై గిరిజనుల పీచ్ స్ప్రింగ్స్ మీదుగా కింగ్‌మన్ చేరుతుంది. 1978 సెప్టెంబరులో ఊరు బైపాసైన రోజు రోడ్డు మీద నిశ్శబ్దం పడిపోయిందని అక్కడి మంగలి ఏంజెల్ డెల్గడియో తరవాత చెబుతూ వచ్చాడు. 1987లో ఆయనా, తోటి వ్యాపారులూ కలిసి సంఘం పెట్టి, రాష్ట్రం చేత ఆ ముక్కకు చారిత్రక రహదారి హోదా ఇప్పించారు. ఇవాళ తెంపులేకుండా మిగిలిన 66లో అన్నిటికన్నా పొడుగైన, 150 మైళ్ళ పైచిలుకు ముక్కలో అదొక భాగం. ఎందుకు మిగిలింది? ఇంటర్‌స్టేట్ దాన్ని పూర్తిగా వదిలేసి దూరంగా పోయింది కాబట్టి. పాత రోడ్డు మీదనే కొత్తది వేసిన చోట్ల చూడటానికి ఏమీ లేదు, సిమెంటు కింద కప్పబడిపోయింది. గట్టిగా పోట్లాడిన విలియమ్స్ కూడా ఊరికి మూడు ఎగ్జిట్లు ఇస్తామన్నాక కేసులు వదులుకుని, 1984 అక్టోబరు 13న, 66 ఊళ్ళన్నిటిలో చివరగా బైపాసయింది. అందుకే ఆ వీధి ఇప్పటికీ 1950ల తీరులో కనిపిస్తుంది. బేరాన్ని పోగొట్టిన తప్పింపే వస్తువును మిగిల్చింది.

ఇక అసలు దారి ఏది అని అడిగేవాళ్ళకు సముద్రంలోకి చొచ్చుకుపోయే శాంటా మోనికా పియర్ మీది దారి ముగింపు బోర్డు జవాబు చెబుతుంది. మొదట 66 ముగిసింది లాస్ ఏంజిలిస్ నడిమధ్య బ్రాడ్‌వే, ఏడో వీధి కూడలిలో. 1936లో శాంటా మోనికాకు పొడిగించాక ముగిసింది ఊళ్ళో లింకన్, ఒలింపిక్ రోడ్ల దగ్గర. సముద్రం దాకా అది ఎన్నడూ పోలేదు, బోర్డు పెట్టింది 2009లో. దీన్ని మోసం అనడం అన్యాయం. 1926లో నంబరు పెట్టినవాళ్ళు చేసిందీ అదే కదా, గిరాకీ ఉన్న చోటికి దారిని పొడిగించారు.

బైపాస్ తరవాత మోటెళ్ళ ధరలు పడిపోయాయి. పడిపోయినచోట కొనడానికి వచ్చినవాళ్ళు గుజరాతీలు. 1965 వలస చట్టం తరవాత వచ్చిన పటేల్ కుటుంబాలు ఉండటానికి ఇల్లూ, చేసుకోవడానికి పనీ ఒకే చోట దొరుకుతాయని చిన్న మోటెళ్ళు కొని, కుటుంబమంతా చాకిరీ చేసి నిలబెట్టారు. పోటీకి తట్టుకోలేని పాత యజమానులు కొందరు, యజమాని అమెరికనే అన్న అర్థంలో, ‘అమెరికన్ ఓన్డ్’ అని బోర్డులు కట్టారు. 66 పక్కన కూడా ఆ బోర్డులుండేవి. శాన్ బెర్నార్డినో అంచున రియాల్టో దగ్గర ఆదివాసుల గుడారాల ఆకారంలో సిమెంటు గదులు కట్టిన విగ్‌వామ్ మోటెల్ 1940ల నాటిది. ఇంటర్‌స్టేట్‌ల కాలంలో గంటలెక్కన గదులిచ్చే చోటుగా పేరు చెడింది. 2003లో ఒక పటేల్ కుటుంబం దాన్ని కొని, గదులు బాగుచేసి, ఈత కొలను తెరిచి, గడ్డి పెంచింది. పాత దారిని కాపాడటానికి పెట్టుకున్న నేషనల్ హిస్టారిక్ రూట్ 66 ఫెడరేషన్ 2005లో తన పురస్కారాన్ని ఆ కుటుంబానికే ఇచ్చింది.

(వచ్చే భాగం: నేషనల్ రోడ్)